ట్రావెలర్ క్యాంపర్‌లో హైదరాబాద్ నుంచి అరకు: ఘాట్, సంతలు, దారిలో రిపేర్లు

చక్రాలిల్లు (హైదరాబాద్)
అందరికీ నమస్కారం. పాత ట్రావెలర్ వ్యాన్ ఒకటి కొని లోపల మంచాలు, చిన్న వంటగట్టు, 150 లీటర్ల నీళ్ల ట్యాంకు, పైన సోలార్ ప్లేట్లు పెట్టించాం. సంక్రాంతి రద్దీ తగ్గాక విజయవాడ, రావులపాలెం, అన్నవరం, అనకాపల్లి మీదుగా అరకు వెళ్దామని అనుకుంటున్నాం. బండిలో నేను, మా ఆయన, మా అమ్మ, ఐదో తరగతి చదివే మా బాబు. డ్రైవింగ్ ఎక్కువగా నాదే.

అమ్మకు హోటల్ తిండి పడదు. దారిలో కొన్న కూరగాయలతోనే వండుకోవాలి. ఎక్కడ ఏం కొనొచ్చు, ఏ వేళకు వెళ్తే బాగుంటుందో తెలిసినవాళ్లు చెప్పండి. అసలు టెన్షన్ మాత్రం వేరే. ఇంత బరువు బండితో అనంతగిరి ఘాట్ ఎక్కి దిగడం ఎలా అని. మైదానంలో బ్రేకులు బాగానే పడుతున్నాయి. ఘాట్‌కి ముందు ఏమేం చూపించుకోవాలి?

బెజవాడ_బోల్టు (విజయవాడ)
అమ్మా, బ్రేకుల సంగతి తర్వాత. ముందు బండి తూకం వేయించారా?

చక్రాలిల్లు
లేదండీ. తయారు చేసిచ్చినాయన "బరువు లిమిట్‌లోనే ఉంది మేడం" అన్నాడు.

బెజవాడ_బోల్టు
ఆయన మాట పక్కన పెట్టండి. ఆటోనగర్‌లో మా షెడ్డుకి ఇలాంటి బళ్లు వస్తూనే ఉంటాయి. ప్లైవుడ్ బీరువాలు, గ్రానైట్ గట్టు, బ్యాటరీలు, ఇన్వర్టర్, ఏసీ. విడివిడిగా చూస్తే ఏదీ పెద్ద బరువనిపించదు. సీట్లు తీసేశాం కదా అనుకుంటారు గానీ, అవి తగ్గించిన బరువు కంటే ఇవి పెంచిందే ఎక్కువ.

ఆర్సీలో రెండు బరువులు ఉంటాయి. ఒకటి ఖాళీ బండిది, రెండోది లోడుతో కలిపి. ప్రయాణానికి ఎలా బయల్దేరతారో అచ్చం అలాగే సర్దండి. నీళ్లు నింపి, డీజిల్ కొట్టించి, గ్యాస్, బట్టలు అన్నీ పెట్టి, మీ నలుగురూ ఎక్కి కాటాకి వెళ్లండి. మార్కెట్ యార్డు దగ్గరో రైస్ మిల్లు దగ్గరో కాటా తప్పక ఉంటుంది. మొదట బండి మొత్తం ఎక్కించి చీటీ తీసుకోండి. తర్వాత ముందు చక్రాలు మాత్రమే కాటా మీద పెట్టి ఒక చీటీ, వెనక చక్రాలు మాత్రమే పెట్టి ఒక చీటీ. ఇవి లేకుండా బ్రేకుల గురించి ఎవరేం చెప్పినా గాల్లో మాటే.

నీళ్ల ట్యాంకు ఎక్కడ బిగించారు? 150 లీటర్లంటే 150 కిలోలు. వెనక ఇరుసుకి అవతల ఉంటే వెనక కుంగి ముందు తేలుతుంది. స్టీరింగ్ తేలిగ్గా తిరుగుతోందని సంబరపడతారు, మొదటి వానలో తెలుస్తుంది.

టైర్ల పక్క గోడ మీద నాలుగు అంకెలు చూడండి. 2321 అని ఉంటే 2021లో 23వ వారంలో తయారైందని. పాత బండి కొన్నారు కాబట్టి స్టెప్నీ మీద కూడా చూడండి. బండితోపాటు వచ్చిన స్టెప్నీని ఎవరూ మార్చరు.

ఇందూరు_పసుపు (నిజామాబాద్)
అక్కా, బోల్టన్న చెప్పింది కరెక్ట్. మాది చిన్న వ్యాన్, కుడివైపు అంతా కిచెన్, ఎడమవైపు ఉత్త మంచం. యార్డు కాడ ధర్మకాంట మీద ఒక పక్క చక్రాలే ఎక్కించి చూస్తే కుడిదిక్కు ఎంత ఎక్కువుందో తెలిసింది. బ్యాటరీలు ఎడమకు జరిపినం, గుంజుడు పోయింది.

కొండబస్సు (విజయనగరం)
అరకు ఘాట్‌లో బస్సు నడిపి రిటైరైనవాణ్ణి. నాకు తెలిసింది చెబుతాను తల్లీ.

ఎక్కేటప్పుడు భయం లేదు. ఇంజన్ వేడి ముల్లు చూసుకుంటూ, ఏసీ ఆపి, సెకండ్‌లోనో థర్డ్‌లోనో నిదానంగా పోనివ్వండి. ముల్లు లేస్తే పక్కకు ఆపి ఇంజన్ ఐడిల్‌లో ఉంచండి, టక్కున ఆపేయొద్దు. రేడియేటర్ మూత మాత్రం వేడి మీద ముట్టుకోవద్దు.

అసలు పని దిగేటప్పుడే. ఏ గేర్‌లో ఎక్కారో ఆ గేర్‌లోనే దిగాలి. ఇంజనే బండిని పట్టుకోవాలి. బ్రేకు మీద కాలు ఆనించి ఉంచితే లైనర్లు కాలి వాసన వస్తుంది, ఆ తర్వాత పెడల్ తొక్కినా బండి ఆగదు. స్పీడ్ పెరిగినప్పుడు గట్టిగా ఒకసారి తొక్కి తగ్గించి, కాలు పూర్తిగా తీసేయండి. మళ్లీ పెరిగితే మళ్లీ అంతే. వాసన వస్తే ఖాళీ జాగా చూసి ఆపి, చక్రాలకు రాళ్లు పెట్టి, వాటంతట అవే చల్లారేదాకా టీ తాగండి. నీళ్లు పోశారంటే డ్రమ్ములు, డిస్కులు పగులుతాయి. నిండు వేడి మీద హ్యాండ్‌బ్రేక్ కూడా లాగొద్దు.

బ్రేక్ ఆయిల్ ఎప్పుడు మార్చారు? గాలిలో తేమని అది పీల్చుకుంటుంది. తేమ చేరిన ఆయిల్ ఘాట్ వేడికి మరిగి బుడగలు కడుతుంది, పెడల్ మెత్తగా లోపలికి పోతుంది. రెండేళ్లు దాటితే మార్పించి రండి.

ఇంకో మాట. కొండ కింద నీళ్ల ట్యాంకు నింపుకోవద్దు. శృంగవరపుకోట (ఎస్.కోట) దగ్గర వంటకీ తాగడానికీ చాలినన్ని ఉంచుకుని మిగతావి వదిలేయండి. పైన నీళ్లకు కరువు లేదు. ఒక మనిషి బరువుకు పైనే తగ్గినట్టు. పొద్దున్నే మంచు దట్టంగా ఉంటుంది కాబట్టి ఎండ వచ్చాకే బయల్దేరండి. ఎక్కే బండికి దారి ఇవ్వడం రూలే కాదు, మర్యాద కూడా.

చక్రాలిల్లు
బాబాయ్ గారూ, ఇంత వివరంగా చెప్పినందుకు చాలా థ్యాంక్స్. బ్రేక్ ఆయిల్ ఎప్పుడు మార్చారో పాత ఓనర్‌కే తెలియదు. రేపే మార్పిస్తాను. తూకం కూడా వేయిస్తాను.

చలానా_భయం
అందరూ బరువు గురించే మాట్లాడుతున్నారు. కాగితాల మాటేమిటి? 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చడం కుదరదు. సీట్లు తీసి మంచాలు వేశారంటే ఆర్సీలో మార్పు ఎక్కించారా? మోటార్ కారవాన్‌ల నిర్మాణానికి ఏఐఎస్-124 అని ఒక ప్రమాణమే ఉంది. చేసిచ్చినవాళ్లు దాని పేరైనా విన్నారా అడగండి. ఇన్సూరెన్స్ కంపెనీకి చెప్పకుండా మార్పించుకున్న బండికి ఏదైనా అయితే క్లెయిమ్ దగ్గర పేచీ పెడతారు.

చక్రాలిల్లు
ఆర్సీలో మార్పు చేయించాకే బండి ఇంటికి తెచ్చాం. ఇన్సూరెన్స్‌లో కూడా రాయించాం. ఆ తిరుగుడు ఒక పెద్ద కథ, ఇక్కడ వద్దులెండి.

గోదారి_గట్టు (రాజమండ్రి)
కాగితాలు ఉన్నాయి కదా, ఇక తిండి సంగతి చూద్దాం.

సిద్ధాంతం వంతెన మీద వశిష్ఠ దాటాక రావులపాలెం. హైవే పక్కనే అరటి మార్కెట్. పొద్దున్నే వెళ్లండి. సైకిళ్ల మీద, ఆటోల్లో గెలలు దిగుతుంటాయి, పక్క రాష్ట్రాలకు వెళ్లే లారీలు నింపుకుంటూ ఉంటాయి. అక్కడ లెక్కంతా గెలల్లోనే, డజన్లలో కాదు. మీ నలుగురికి గెల ఎక్కువే. యార్డు బయట అత్తాలు విడదీసి అమ్మేవాళ్లు ఉంటారు. చక్కెరకేళి అయితే ఆ రోజు తినడానికి పండినవి ఒక అత్తం, దోర మీదవి ఒక అత్తం తీసుకోండి. బండిలో వేడికి అన్నీ ఒకేసారి మగ్గిపోతాయి. కూరకి బొంత అరటి మర్చిపోకండి, అది రోజుల తరబడి ఆగుతుంది.

ఆత్రేయపురం అక్కడికి దగ్గరే. పూతరేకులు తీసుకుంటే డబ్బా మీద బరువేమీ పెట్టొద్దు. గౌతమి దాటి కాస్త ముందుకొస్తే కడియపులంక నర్సరీలు రోడ్డుకి రెండు వైపులా ఉంటాయి. అమ్మగారిని అక్కడ బండి దిగనివ్వకండి. దిగారంటే మీ కొడుకు మంచం మీద మందారం కుండీలు ఉంటాయి, నేను చెప్పలేదనొద్దు.

చక్రాలిల్లు
అమ్మకు చదివి వినిపించాను. "ఆయనెవరో గానీ నన్ను బాగా ఎరిగినట్టున్నాడు" అంది.

సంత_పిచ్చోడు (శ్రీకాకుళం)
నా పద్ధతి వేరు. ముందు సంత రోజు చూసుకుంటాను, దాన్నుంచి వెనక్కి లెక్కేసుకుని ఇంటి దగ్గర ఎప్పుడు బయల్దేరాలో చూస్తాను. అరకు సంత శుక్రవారం. శనివారం చేరారనుకోండి, రిసార్టుల ముందు బొంగు చికెన్, సెల్ఫీలు తప్ప ఇంకేం దొరకదు. గురువారం సాయంత్రానికి కొండెక్కి బండి ఒక చోట సర్దుకుంటే శుక్రవారం పొద్దున్న నడిచే సంతకి వెళ్లొచ్చు. పండగ రోజైతే సంత అటూ ఇటూ అవుతుంది, అక్కడి కిరాణా కొట్టువాణ్ణి ఒక మాట అడగండి.

ఈ సీజన్‌లో రాజ్‌మా చిక్కుళ్లు, పచ్చి పసుపు, అల్లం, కందులు, కొండచీపుళ్లు వస్తాయి. మిరియాలకి ఇంకా టైముంది. చిల్లర తీసుకెళ్లండి. టౌనులో ఫోన్ పే నడుస్తుంది గానీ, కొండ దిగి నెత్తి మీద బుట్టతో వచ్చిన ముసలావిడ దగ్గర క్యూఆర్ కోడ్ ఎక్కడుంటుంది? పది, ఇరవై నోట్లు ఉంచుకోండి. తేనె మాత్రం గిరిజన సహకార సంస్థ డిపోలో కొనండి. 1956 నుంచి ఉన్న సంస్థ, అడవి సరుకు నేరుగా గిరిజనుల దగ్గరే కొంటుంది. రోడ్డు పక్క సీసాల్లో ఎంత పంచదార పాకం ఉంటుందో ఆ దేవుడికే ఎరుక.

బేరం గురించి ఒక ముక్క. వైజాగ్ రేటుతో పోల్చి ఐదు రూపాయల కోసం పది నిమిషాలు వాదించేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఆవిడ తెల్లారకముందే నడక మొదలుపెట్టి వచ్చింది. కొసరు అడగండి, ఇస్తుంది. రేటు మాత్రం తగ్గించమనకండి.

ఇందూరు_పసుపు
ఒరిస్సా వైపు ఒనకఢిల్లి గురువారం సంత గురించి విన్న. అది కూడా కలిపి చూడొచ్చా అన్నా?

సంత_పిచ్చోడు
బోండా గిరిజనులు వచ్చే సంత అది. కొనడానికి వెళ్లేవాళ్ల కంటే కెమెరాలతో వెళ్లేవాళ్లు ఎక్కువయ్యారు. ఫొటోల మీద ఆంక్షలు కూడా ఉన్నాయి. మన కూరగాయల కొట్టు ముందు ఎవరో విదేశీయుడు నిలబడి మనల్ని ఫొటోలు తీస్తే ఎలా ఉంటుందో అలాగే ఉంటుంది వాళ్లకీ. కూరగాయలు కావాలంటే సెమిలిగుడ దగ్గర కుందులి సంత పెద్దది. అదీ శుక్రవారమే కాబట్టి అరకో, అదో తేల్చుకోవాలి.

టెక్సస్_మావయ్య (డాలస్)
ఇండియాలో క్యాంపర్ అంటే ఇంత పని ఉంటుందా! ఇక్కడ అద్దెకు తీసుకుంటే ఆర్వీ పార్కులో (ఇలాంటి బళ్లు ఆపుకునే చోటు) కరెంటు ప్లగ్గు, నీళ్ల కుళాయి, మురుగు పైపు మూడూ స్థలం దగ్గరే ఉంటాయి. అయినా మన కష్టాలు మనకి తప్పవు. ఐ-10 హైవే మీద అరిజోనా దాటి కాలిఫోర్నియాలో అడుగుపెట్టగానే బ్లైత్ దగ్గర వ్యవసాయ తనిఖీ కేంద్రం ఉంటుంది. "పళ్లు, మొక్కలు ఏమైనా ఉన్నాయా" అని అడుగుతారు. మా ఆవిడ పెరట్లో కోసి ఫ్రిజ్‌లో పెట్టిన కరివేపాకు కట్ట మొత్తం తీసేసుకున్నారు. నిమ్మ, బత్తాయి చెట్లకు ఆకుపచ్చ తెగులు మోసుకొచ్చే ఒక చిన్న పురుగు ఉంది. కరివేపాకు కూడా నిమ్మ కుటుంబానిదే కాబట్టి దాని మీదా బతుకుతుంది. అందుకే అంత పట్టింపు. కాలిఫోర్నియా అంతా పోపులో కరివేపాకు లేకుండానే గడిచింది. మా ఆవిడ ఆ ఆఫీసర్‌ని ఇంకా క్షమించలేదు.

చక్రాలిల్లు
అప్‌డేట్. తూకం వేయించాం. మొత్తం బరువు ఆర్సీలో ఉన్న దానికి కొంచెం లోపలే. కానీ వెనక ఇరుసు మీద లిమిట్‌కి దగ్గర్లో ఉంది, ముందు బాగా తేలిక. బోల్టు గారన్నట్టు ట్యాంకు వెనక ఇరుసుకి అవతలే ఉంది. ఇప్పటికిప్పుడు జరపలేం. ట్యాంకు సగానికే నింపుతున్నాం, టూల్ బాక్స్, బియ్యం డబ్బా డ్రైవర్ సీటు వెనక్కి తెచ్చాం.

బెజవాడ_బోల్టు
మంచి పని. మా ఊరొచ్చినప్పుడు వెనక కమాన్ కట్టలు (బరువు మోసే స్ప్రింగు పట్టీలు) ఒకసారి చూపించుకుని వెళ్లండి. పట్టీలో సన్నటి పగులు ఉంటే బయటికి కనపడదు, తుడిచి చూడాలి. మా షెడ్డుకే రమ్మని అనట్లేదు, ఆటోనగర్‌లో ఎవరైనా చూస్తారు.

చక్రాల నట్లు విప్పి బిగించి ఉంటే యాభై, వంద కిలోమీటర్లు నడిచాక మళ్లీ ఒకసారి బిగించుకోండి. టీ తాగడానికి ఆపినప్పుడల్లా నాలుగు చక్రాల హబ్బుల దగ్గర అరచేతి వెనక వైపు పెట్టి చూడటం అలవాటు చేసుకోండి. ముట్టుకోకుండా దగ్గరికి తెస్తే చాలు, వేడి తెలుస్తుంది. అన్నీ ఒకేలా ఉండి ఒక్కటే కాలుతుంటే అక్కడ బ్రేకు పట్టేసిందో, బేరింగ్ పోతోందో. టైర్ల గాలి మాత్రం పొద్దున్న బండి కదలకముందే చూడాలి. మధ్యాహ్నం వేడి మీద ఎక్కువ చూపించిందని తీశారంటే రాత్రికి తక్కువైపోతుంది.

వోల్టు_మీటరు
గ్యాస్ ఎలా పెట్టారు? ఎవరూ అడగలేదు.

చక్రాలిల్లు
ఐదు కిలోల సిలిండర్, వంటగట్టు కింద అరలో. గాలి రావడానికి పైన గ్రిల్ ఉంది.

వోల్టు_మీటరు
పైన కాదు, కింద కావాలి. ఎల్పీజీ గాలి కంటే బరువు. లీకైతే నేల మీద పాకుతుంది, పైన గ్రిల్ ఉన్నా ఉపయోగం లేదు. ఆ అర అడుగున బండి బయటికి తెరుచుకునేలా కన్నం పెట్టించండి, బయట దుమ్ము రాకుండా జాలీ వేయండి. ఆ అరలో ఫ్రిజ్ కంప్రెసర్ గానీ, స్విచ్ గానీ, బ్యాటరీ గానీ ఉండకూడదు. రబ్బరు పైపు మీద గడువు ఏ సంవత్సరం దాకానో రాసి ఉంటుంది, చూసుకోండి. బండి కదిలేముందు రెగ్యులేటర్ ఆఫ్. ఇంకోటి, నడుస్తుండగా అమ్మగారు మంచం మీద పడుకోకూడదు. బెల్టున్న సీట్లోనే కూర్చోవాలి.

చక్రాలిల్లు
కన్నం వేయించాం. అమ్మ సీట్లోకి మారింది, గొణుక్కుంటూనే.

చక్రాలిల్లు
తుని దగ్గర ఆగిపోయాం, అర్జెంట్. ఇంజన్ బాగానే ఉంది. ఇంటి బ్యాటరీ (బండి లోపల ఫ్రిజ్ లాంటివాటికి పెట్టింది, లిథియం, 100 ఏహెచ్) దాదాపు అయిపోయింది. ఫ్రిజ్ ఆగింది, పాలు విరిగాయి. రెండు రోజులుగా మబ్బు, సోలార్ లేదు. కానీ బండి నడుస్తూనే ఉంది కదా, ఆల్టర్నేటర్ నుంచి చార్జ్ అవ్వాలి. ఇక్కడ ఎలక్ట్రీషియన్ చూసి ఆల్టర్నేటర్ పోయింది, కొత్తది వేయాలి అంటున్నాడు. రేటు వింటే కళ్లు తిరిగాయి.

చలానా_భయం
పాత బండి కదండీ, ఆల్టర్నేటరే అయ్యుంటుంది. మార్పించేయండి, మళ్లీ దారిలో ఆగిపోతే కష్టం.

వోల్టు_మీటరు
ఆగండి, ఏదీ మార్పించొద్దు. మీటర్ ఉందా? ఇంజన్ ఆన్ చేసి, ముందు స్టార్టింగ్ బ్యాటరీ మీద ఎంత ఉందో చూడండి. తర్వాత డీసీ-డీసీ చార్జర్‌లోకి (ఆల్టర్నేటర్ కరెంటుతో ఇంటి బ్యాటరీని చార్జ్ చేసేది) వచ్చే వైర్ల మీద చూడండి.

చక్రాలిల్లు
స్టార్టింగ్ బ్యాటరీ మీద 14.2. చార్జర్ దగ్గర నిలవట్లేదు. 12.6కి పడుతోంది, మళ్లీ 14కి లేస్తోంది, మళ్లీ పడుతోంది. చార్జర్ లైటు కూడా వెలిగి ఆరిపోతోంది.

వోల్టు_మీటరు
14.2 ఇస్తున్న ఆల్టర్నేటర్ పోయిందని ఎలా అంటాడు? సమస్య మధ్యలో వైర్లో ఉంది. చార్జర్ కరెంటు లాగగానే దారిలో వోల్టేజ్ పోతోంది. తన దగ్గరికి తక్కువ వచ్చేసరికి ఇంజన్ ఆగిపోయిందనుకుని చార్జర్ ఆగుతుంది. లాగడం ఆపగానే వోల్టేజ్ లేస్తుంది, మళ్లీ మొదలుపెడుతుంది.

ఇప్పుడు ఇలా చేయండి. చార్జర్ లైటు వెలిగి ఉన్న క్షణంలో, మీటర్ ఒక ముల్లు స్టార్టింగ్ బ్యాటరీ ప్లస్ మీద, రెండోది చార్జర్ ఇన్‌పుట్ ప్లస్ మీద. అదే రీతిన మైనస్ నుంచి మైనస్‌కి. వైరు పొడవు చాలకపోతే ఏదైనా వైరు ముక్క కలుపుకోండి.

చక్రాలిల్లు
ప్లస్ నుంచి ప్లస్ 0.2. మైనస్ నుంచి మైనస్ 1.4. మా బాబు చదివి చెప్పాడు, మా ఆయన బండి కింద ఉన్నారు.

వోల్టు_మీటరు
దొరికింది. 1.4 వోల్టులు ఎర్త్ దారిలో పోతున్నాయి. 30 ఆంప్స్ చార్జర్ అయితే ఆ ఒక్క చోటే నలభై, యాభై వాట్లు వేడిగా మారుతున్నట్టు. చార్జర్ నల్ల వైరు ఛాసిస్‌కి ఎక్కడ బిగించారో చూడండి. ఆ బోల్టు వేడిగా ఉంటుంది, జాగ్రత్త.

చక్రాలిల్లు
చెయ్యి పెట్టలేనంత కాలుతోంది! ఛాసిస్ మీద పెయింట్ గీకకుండా పైనే బిగించేశారు. వైరు చివర లగ్గు (బోల్టుకి పట్టే రింగు) కూడా వదులు, వైరు లాగితే కదులుతోంది.

వోల్టు_మీటరు
ఇంజన్ ఆపి, బ్యాటరీ మైనస్ తీసి మొదలుపెట్టండి. పెయింట్ ఎమరీ పేపర్‌తో ఇనుము తళతళలాడేదాకా గీకాలి. లగ్గు కొత్తది, చేత్తో నొక్కింది కాదు, క్రింపింగ్ టూల్‌తో వేయించాలి. పళ్ల వాషర్ వేసి బిగించి, పైన గ్రీజు రాయండి. గ్రీజు పైనే, మధ్యలో కాదు.

చక్రాలిల్లు
పక్కనే పంక్చర్ షాపు అబ్బాయి లగ్గు తెప్పించి పని చేసిపెట్టాడు. చార్జర్ దగ్గర ఇప్పుడు 13.9, నిలకడగా ఉంది. ఆల్టర్నేటర్ రేటులో వందో వంతు కూడా అవ్వలేదు. ఆ అబ్బాయి డబ్బు తీసుకోనంటే అమ్మ రావులపాలెం అరటిపళ్లు అత్తం మొత్తం చేతిలో పెట్టింది.

టెక్సస్_మావయ్య
ఇక్కడైతే టో ట్రక్కు, వర్క్‌షాప్ అపాయింట్‌మెంట్, మూడు రోజులు మోటెల్. పంక్చర్ షాపు అబ్బాయికి జై.

కొండబస్సు
అనకాపల్లి దాటాక వైజాగ్ ఊళ్లోకి వెళ్లకండి తల్లీ. సబ్బవరం మీదుగా కొత్త హైవే పెందుర్తికి తీసుకెళ్తుంది. అక్కణ్ణుంచి కొత్తవలస, ఎస్.కోట. ఊళ్లో ట్రాఫిక్ తప్పుతుంది.

సంత_పిచ్చోడు
అనకాపల్లిలో ఆగండి, బెల్లం సీజనే. మరీ పచ్చగా, తెల్లగా మెరిసేది వద్దు. రంగు కోసం హైడ్రోస్ అనే రసాయనం కలుపుతారు. కాస్త ముదురు రంగుది అడిగి తీసుకోండి. దిమ్మ మొత్తం కొనక్కర్లేదు, కొట్టుల్లో ముక్క కొట్టిస్తారు. బండిలో మాత్రం మూత గట్టి డబ్బాలో పెట్టాలి. లేకపోతే చీమలు అరకుదాకా మీతోనే వస్తాయి.

చక్రాలిల్లు
అరకు నుంచి రాస్తున్నాను. ఘాట్ సెకండ్ గేర్‌లో ఎక్కేశాం. గాలికొండ దగ్గర ఆపి హబ్బులు చూశాను, నాలుగూ ఒకేలా గోరువెచ్చగా ఉన్నాయి. బాబాయ్ గారి మాట ప్రకారం ఎస్.కోటలో ట్యాంకు దాదాపు ఖాళీ చేశాం.

ఇవాళ సంతకి వెళ్లాం. అమ్మకు నాకంటే బాగా కొనడం వచ్చు. ఒకావిడ రాజ్‌మా గుట్టగా పోసుకుని కూర్చుంది. ఎర్రవి, నల్లవి, చారలవి అన్నీ కలిసే ఉన్నాయి. పక్కన తక్కెడ లేదు, పాత ఇత్తడి మానిక ఒకటే. గింజలు నింపి, అంచు దాటి గుట్టగా నిలిచేదాకా చేత్తో ఇంకో పిడికెడు పోసి, జారినవి మళ్లీ ఏరి పైన పెట్టింది. అమ్మ "ఇంకో రెండు గింజలు వేయమ్మా" అంటే ఆవిడ నవ్వి గుప్పెడు వేసింది. డబ్బులిచ్చాక "ఇది రేపు పొద్దుటికి నానబెట్టు, ఇవాళే వండితే ఉడకవు" అని అమ్మకు వాళ్ల భాషా తెలుగూ కలిపి చెప్పింది. మా బాబుకి మొదట సంత బోరే. కొండచీపురు కత్తిలా పట్టుకున్నాక బోర్ పోయింది.

ఒక సందేహం. రాత్రిళ్లు బాగా చలి. మా ఆయన ఇంజన్ ఆన్ చేసి కాసేపు హీటర్ వేద్దామంటున్నారు. పర్లేదా?

బెజవాడ_బోల్టు
వద్దు. పొగ లోపలికి చేరే ప్రమాదం మొదటిది. రెండోది, బీఎస్-6 డీజిల్ బండి ఐడిల్‌లో గంటలు నడిస్తే డీపీఎఫ్ (పొగలో మసిని పట్టే ఫిల్టర్) మసితో నిండుతుంది. వేసవిలో ఏసీ కోసం ఇలా చేసి మా దగ్గరికి వచ్చేవాళ్లు ఎంతమందో. రగ్గులు కప్పుకోండి.

కొండబస్సు
స్టవ్ వెలిగించి చలి కాచుకోవడం కూడా వద్దమ్మా. తలుపులు మూసిన బండిలో అది ప్రాణం మీదికి వస్తుంది. రేపు దిగేటప్పుడు కూడా సెకండే. ఎక్కేశాం కదా అని ధీమా పడొద్దు.

చక్రాలిల్లు
కిందికి దిగాం. దిగేటప్పుడు వెనకాల ఒక కారు హారన్ కొడుతూనే ఉంది. పక్కకు జాగా దొరికిన చోట దారి ఇచ్చాను గానీ గేర్ మార్చలేదు. బ్రేకుల వాసన లేదు.

ఇందూరు_పసుపు
శభాష్ అక్కా! నా బండి ఇప్పుడు వైరింగ్ దశలో ఉంది. ఇంటి బ్యాటరీకి 1000 వాట్ల ఇన్వర్టర్ పెడుతున్న. ఫ్యూజు ఎంతది వెయ్యాలె, ఎక్కడ పెట్టాలె?

వోల్టు_మీటరు
1000 వాట్లు 12 వోల్టుల మీద అంటే, ఇన్వర్టర్ లోపల పోయేది కలిపితే వంద ఆంప్స్ దాకా లాగుతుంది. 125 ఆంప్స్ ఫ్యూజు, దానికి తగ్గ లావు వైరు. వైరు తట్టుకునే దానికంటే ఫ్యూజు ఎప్పుడూ పెద్దది ఉండకూడదు. ఫ్యూజు బ్యాటరీ ప్లస్ పక్కనే, జానెడు దూరంలో. ఇన్వర్టర్ పక్కన పెడితే మధ్యలో వైరు ఎక్కడైనా రాపిడికి తెగి ఛాసిస్‌కి తగిలినప్పుడు అడ్డేమీ ఉండదు. ఇన్వర్టర్ మైనస్ నేరుగా బ్యాటరీకే తెండి, ఛాసిస్ మీద ఆధారపడొద్దు. వైరు బిగించాక ఫొటో పెట్టండి, చూసి చెబుతాను.